నాటుకోడి ఏ ఊరిది?



మన సంఘం విందుల్లో విస్తళ్ళ ముందు కూర్చున్నాక రెండు ప్రశ్నలు తప్పకుండా వినబడతాయి. ఒకటి: "ఇది అసలైన నాటుకోడేనా, ఫారం కోడా?" రెండోది కాస్త నెమ్మదిగా వస్తుంది: "వీళ్ళు అసలైన తెలుగువాళ్ళేనా, ఇక్కడివాళ్ళలో కలిసిపోయారా?" మొదటిది మనం వంటవాళ్ళను అడుగుతాం. రెండోది ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన చుట్టాలు మనల్ని నోటితో కాకపోతే చూపుతో అడుగుతారు. ఈసారి మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుదామని కూర్చున్నాం. పెరటికోడి చుట్టూ మన ఇళ్ళలో తిరిగే నమ్మకాలు, దాని చరిత్రలోని వింతలు ఒకచోట పెట్టి చూశాం. చూస్తే రెండో ప్రశ్నకూ కొంత జవాబు అందులోనే ఉంది. కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

పేరు దగ్గర మొదలుపెడదాం

మనం కోడి అంటాం. తమిళనాడులో మన పక్కింటివాళ్ళు కోళి అంటారు. ఆ 'ళ' నాలుక బాగా వెనక్కి మడిచి పలికేది. అది ఉన్నచోట తెలుగులో చాలా మాటలకు 'డ' వస్తుంది. వాళ్ళ ఏళు మన ఏడు, వాళ్ళ ఊళియం మన ఊడిగం, వాళ్ళ మేళి మన మేడి. అలాగే వాళ్ళ కోళి మన కోడి. కన్నడంలోనూ కోళే. తుళులో కోరి, గోండు భాషలో కొర్. కోలారు, బళ్ళారి వైపు మనవాళ్ళు రోజూ వినే హుంజ కూడా మన పుంజే. మన పాలు అక్కడ హాలు అయినట్టే పుంజు హుంజ అయింది. ఈ భాషలన్నీ వేరుపడకముందే ఆ మాట ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. అప్పుడది ఇంటికోడో అడవికోడో మాత్రం మాట చెప్పదు.

బరంపురం, రాయగడ వైపు వినబడే కుకుడా, షోలాపూర్ వీధుల్లో వినబడే కోంబడీ వేరే కుదురు మాటలు. హిందీ ముర్గీ పారసీ 'ముర్గ్' నుంచి వచ్చింది, అక్కడ దానికి పక్షి అనే అర్థం. తమిళ బడిలో చదివే మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. తమిళంలో 'కొడి' అంటే జెండా. మురుగన్ చేతిలో ఉండేది సేవల్ కొడి, అంటే పుంజు బొమ్మ ఉన్న జెండా. అది చూపించి "ఇది కొడి" అని టీచరు అంటే, "అవును, కోడే" అని మన పిల్లలు తలూపుతారు. ఇద్దరి మాటా నిజమే.

మన కోడి ఎక్కడి నుంచి వచ్చింది?

నాటుకోడి అంటే ఈ మట్టిలోనే పుట్టింది అని మన మొదటి నమ్మకం. ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ 1868లో రాశాడు. సింధు లోయలోనే దాన్ని మచ్చిక చేశారని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. 2020లో ఎనిమిది వందలకు పైగా కోళ్ళ జన్యువులను పోల్చి చూసిన పరిశోధన వేరే చోటు చూపించింది. నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతంలో తిరిగే ఎర్ర అడవికోళ్ళ నుంచి ఇంటికోడి వచ్చిందని తేల్చింది. 2022లో ఎముకల మీద చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. కచ్చితంగా ఇంటికోడివే అనదగ్గ ఎముకల్లో అన్నిటికంటే పాతవి థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే ఊళ్ళో దొరికాయి. వాటి వయసు సుమారు మూడు వేల నాలుగైదు వందల ఏళ్ళు.

కోడిని మనిషి దగ్గరకు తెచ్చింది గింజలేనట. మెట్ట వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక, చేలల్లో, కళ్ళాల్లో రాలిన గింజల కోసం అడవికోళ్ళు వచ్చాయి. వచ్చినవి తిరిగిపోలేదు. అంటే మనిషి వెళ్ళి పట్టుకొచ్చిన దానికంటే అది తనంతట వచ్చి చేరిన భాగమే ఎక్కువ. ఆ తర్వాత వరితోపాటు, మనుషుల మూటలతోపాటు అది లోకమంతా తిరిగింది.

అలాగైతే మన కోడి ఉత్త వలసపక్షేనా? కాదు, ఇంకో వింత ఉంది. చాలా కోళ్ళకు కాళ్ళు, చర్మం పసుపుపచ్చగా ఉండటం గమనించే ఉంటారు. ఎర్ర అడవికోడికి ఆ పసుపు లేదు. మరి ఎక్కడిది? 2008లో ఆ లక్షణానికి కారణమైన జన్యువును పరీక్షిస్తే, అది బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని తేలింది. ఆ బూడిద అడవికోడి మన దేశంలోనే ఉంది, అదీ దక్షిణాది అడవుల్లో. నీలగిరుల్లోనూ పడమటి కనుమల్లోనూ ఇప్పటికీ కూస్తుంది. స్థూలంగా గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి రాజ్యం, దక్షిణాన బూడిద అడవికోడి రాజ్యం. రెండూ కలిసే చోటు తెలుగు నేలే. తూర్పు నుంచి వచ్చిన ఇంటికోడి ఇక్కడి అడవికోడితో కలిసి ఆ పసుపు తెచ్చుకుంది. ఈనాడు లోకమంతటా పెంచే కోళ్ళలో ఎక్కువ వాటికి ఆ రంగు మన దక్షిణాది అడవి పెట్టిందే.

యానాం సభ్యులకు ఇందులో చిన్న లంకె ఉంది. ఆ బూడిద అడవికోడి శాస్త్రీయనామంలో ఉన్న పేరు పియెర్ సొన్నెరా అనే ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడిది. పుదుచ్చేరి, యానాం ఏ ఫ్రెంచి ఏలుబడిలో ఉండేవో ఆ ఏలుబడి కొలువులోనే ఆయన పనిచేశాడు. తన భారతదేశ ప్రయాణాల మీద 1782లో పెద్ద పుస్తకం వేశాడు.

పుంజుకు వీరగల్లు

కోడి మన దగ్గరకు తిండి కోసమే వచ్చిందన్నది ఇంకో నమ్మకం. పాతకాలంలో దాన్ని తిన్నదాని కంటే గౌరవించిందే ఎక్కువేమో అనిపించే ఆధారాలు ఉన్నాయి. తమిళనాడు విళుప్పురం జిల్లాలో అరసలాపురం, ఇందళూరు అనే ఊళ్ళు ఉన్నాయి. అక్కడ పోరాడి చనిపోయిన పుంజులకు నిలబెట్టిన రాళ్ళు ఉన్నాయి. పుంజు బొమ్మ చెక్కి, ఏ వాడ పుంజో కూడా రాశారు. సుమారు పదిహేను వందల ఏళ్ళ నాటివి. మనుషులకు వీరగల్లులు చూశాం, ఆవులను కాపాడినవాళ్ళకు చూశాం. పుంజుకు వీరగల్లు అంటే ఆ ఊరు దాన్ని తనవాడిగా లెక్కపెట్టిందన్నమాట. తిరుచ్చిలో భాగమైన ఉరైయూరుకు పాత తమిళంలో 'కోళి' అనే పేరే ఉంది. ఏనుగును పుంజు ఓడించిన చోటు కాబట్టి చోళులు అక్కడ రాజధాని కట్టారని కథ చెబుతారు.

మనవైపు పల్నాటి కథలో కోడిపందెం రాజ్యాలనే తారుమారు చేసింది. పందెంకోళ్ళ ఈకల రంగులకు తెలుగులో ఉన్నన్ని పేర్లు ఇంకే పెంపుడు పక్షికీ లేవు. డేగ, కాకి, నెమలి, పింగళి, సేతువ, మైల, అబ్రాసు, రసంగి, కౌజు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం కూడా ఉంది. ఇది నిజమా అంటే, ఈక రంగుకూ వారానికీ నక్షత్రానికీ గెలుపుతో సంబంధం లేదు. గెలిచేది ఒంటి బలం, పెంపకం, కత్తి తగిలిన చోటు. పందేలు జంతుహింస నిరోధక చట్టం, 1960 ప్రకారం నేరం కూడా. కత్తి పోతే మనకు నష్టం లేదు. ఆ తొమ్మిది పది రంగుల మాటలు పోతే మాత్రం నష్టమే. మన పిల్లల్లో ఎంతమందికి డేగకూ నెమలికీ తేడా తెలుసో ఇంట్లో అడిగి చూడండి.

పేర్లు చెప్పే అబద్ధాలు

పేరునుబట్టి ఊరు చెప్పలేమనడానికి కోళ్ళే సాక్ష్యం. మనం గిన్నెకోడి అనే పక్షి ఆఫ్రికాది. గిన్నెతో దానికి సంబంధం లేదు, అది గినీ. మనవాళ్ళ నోట్లో తెలిసిన మాటగా మారింది. టర్కీకోడి అమెరికా ఖండపు పక్షి, టర్కీ దేశంలో పుట్టలేదు. దాన్నే ఫ్రెంచివాళ్ళు 'దాంద్' అంటారు, అంటే 'ఇండియాది' అని! ఫ్రెంచి బడిలో చదివిన యానాం పెద్దలకు ఇది తెలిసే ఉంటుంది. బ్రహ్మ అనే భారీ కోడిజాతి ఉంది. పేరు బ్రహ్మపుత్రది, మూలం చైనా షాంఘై రేవు నుంచి వెళ్ళిన కోళ్ళు, జాతిగా తీర్చింది అమెరికాలో. ఎవరికివారు తమకు కొత్తదాన్ని ఏదో దూరపు ఊరి పేరుతో పిలిచారు. ఆ ఊరివాళ్ళకు ఆ సంగతే తెలియదు.

మనకూ ఇదే అనుభవం. మదురైలో, కోవైలో మనల్ని వడుగర్ అన్నారు, అంటే ఉత్తరాదివాళ్ళు. అటు హైదరాబాదు వెళితే అరవవాళ్ళం అవుతాం.

ఫారం కోడిలో మన రక్తం

ఇప్పుడు అసలు వింతకు వద్దాం. నాటుకోడి మనది, ఫారం కోడి పరాయిది అనుకుంటాం కదా. అసీల్ జాతి పేరు అందరికీ తెలుసు. అరబీలో ఆ మాటకు మేలిజాతి, అసలైనది అని అర్థం. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాని పుట్టిల్లుగా మన జంతు జన్యువనరుల జాతీయ సంస్థ నమోదు చేసింది. ఆ అసీల్ కోళ్ళను 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతానికి తీసుకెళ్ళారు. అక్కడి కోళ్ళతో కలిపి పెంచితే వెడల్పు రొమ్ము ఉన్న కొత్త జాతి వచ్చింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'ఇండియన్ గేమ్'. అమెరికా వెళ్ళాక దాని పేరు కార్నిష్ అయింది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' పేరుతో దేశవ్యాప్తంగా జరిగిన పోటీలో నెగ్గింది కార్నిష్ సంకరమే. ఈనాటి బ్రాయిలర్‌కు తండ్రివైపు కార్నిష్, తల్లివైపు వైట్ ప్లిమత్ రాక్.

అంటే మన పెరట్లో 'నాటు' అని పిలుచుకునే కోడి తూర్పు నుంచి వచ్చింది. దుకాణంలో 'పరాయిది' అని ముఖం తిప్పుకునే కోడిలో మన అసీల్ రక్తం ఉంది. వెళ్ళింది కూడా మనదే, వచ్చింది కూడా మనదే అయింది.

ఆ ఫారం కోడి మన దేశంలో విస్తరించడంలోనూ రాష్ట్రం బయట స్థిరపడిన తెలుగువాడి చెయ్యి ఉంది. వెంకటేశ్వరా హేచరీస్‌ను 1971లో ప్రారంభించిన బండా వాసుదేవరావు గారు పుణే కేంద్రంగా దాన్ని పెంచారు. 1982లో గుడ్ల ధర దళారులు కాక రైతులే ప్రకటించుకునేలా నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడింది, దాని వెనక ముఖ్యమైన మనిషి ఆయనే. తమిళనాడులో నామక్కల్ గుడ్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. ఈనాడు పది రూపాయల లోపు ఒక గుడ్డు పేదపిల్ల బడి పళ్ళెంలోకి వస్తోందంటే ఈ చరిత్ర ఉంది.

బ్రాయిలర్‌కు హార్మోన్ సూదులు వేసి నలభై రోజుల్లో పెంచుతారన్న మాట అందరినోటా ఉంది. అది నిజం కాదు. వేల కోళ్ళకు రోజూ సూదులు వేయడం కుదిరే పని కాదు. దాణాలో కలిపితే ఆ రకం హార్మోన్ కడుపులోనే అరిగిపోతుంది. ఆ ఎదుగుదల దశాబ్దాల ఎంపిక వల్ల, దాణా వల్ల వచ్చింది. అడగాల్సిన ప్రశ్న యాంటీబయాటిక్స్ గురించి. వాటిని అవసరం లేకుండా వాడితే మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి. ఆ భయం నిజమైనదే.

రంగు చూసి మోసపోవద్దు

సంతలో రంగు ఈకలు ఉన్నదల్లా నాటుకోడి కాదు. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ అనే కోళ్ళను తీర్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం గిరిరాజా ఇచ్చింది. చూపులకు నాటుకోళ్ళే. త్వరగా పెరుగుతాయి, ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదిగే బుద్ధి వాటికి తక్కువ. అందుకే తెలివైన ఇల్లాలు వాటి గుడ్లను కూడా నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు తీయిస్తుంది. ఇవి మంచివే. నాటు ధర చెప్పి వీటిని అంటగట్టడమే తప్పు.

గుడ్డు రంగు కూడా అంతే. పెంకు గోధుమరంగుదైతే బలం, తెల్లదైతే నీరసం అన్నది వట్టి మాట. పెంకు రంగు పెట్ట జాతినిబట్టి ఉంటుంది, లోపలి సత్తువ ఒకటే. పచ్చసొన ముదురు రంగు మేతనుబట్టి వస్తుంది. ఆకుకూరలు, మొక్కజొన్న తిన్న పెట్ట సొన ఎర్రగా ఉంటుంది. పగలగొడితే చిన్న నెత్తుటి చుక్క కనబడిందనుకోండి, అందులో పిల్ల పడిందని పారేస్తారు. గుడ్డు తయారయ్యేటప్పుడు సన్నని రక్తనాళం చిట్లితే వచ్చే చుక్క అది. పుంజు ముఖం చూడని పెట్ట గుడ్డులోనూ ఉండొచ్చు.

గంప కింద శాస్త్రం

పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదని పట్నంలో పెరిగిన చాలామంది అనుకుంటారు. పెడుతుంది. ఆ గుడ్లను పొదిగితే పిల్లలు రావు, అంతే తేడా. మన అవ్వలకు ఇది తెలుసు. వాళ్ళకు ఇంకోటి కూడా తెలుసు: పుంజును అమ్మేశాక కూడా కొన్నాళ్ళు పిల్లలు వచ్చే గుడ్లే పడతాయని. పుంజు బీజాన్ని పెట్ట తన ఒంట్లో రెండు వారాల దాకా దాచుకోగలదని శాస్త్రం ఇప్పుడు చెబుతోంది.

రోజూ పెట్టే పెట్ట ఒకరోజు మానేస్తే దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేస్తారు. గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందుకని ఇవాళ పొద్దున్నే పెడితే రేపు కాస్త ఆలస్యంగా, ఎల్లుండి ఇంకా ఆలస్యంగా పెడుతుంది. అలా జరిగి జరిగి ఒకరోజు తప్పుతుంది. ఎవరి కన్నూ పడలేదు.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని పొదిగే గంపలో ఇనుపముక్క వేసే అలవాటు ఉంది. ఇనుముకు గుడ్లను కాపాడే గుణం లేదు. అయితే వానాకాలంలో గుడ్లు చల్లబడి చెడటం మాత్రం నిజం. అవ్వలు గంప అడుగున ఇసుకో తవుడో పోసేవారు కదా, అది వేడి నిలిపే పని. అదే అసలు మందు. నీళ్ళలో వేస్తే మునిగేది తాజా గుడ్డు, తేలేది పాతది అన్నది కూడా నిజమే. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ పోయి గాలి గది పెద్దదవుతుంది. ఇరవై ఒకటో రోజుకు పిల్లలన్నది అందరికీ తెలిసిన లెక్క. పగలబోయే ముందు పిల్ల పెంకులోపలి నుంచే కిచకిచమంటుంది, తల్లి బయటి నుంచి బదులు పలుకుతుంది. "గుడ్డుతో మాట్లాడుతోంది" అని పెద్దవాళ్ళు అన్నది ఉత్త మురిపెం కాదు.

కోళ్ళకు రాత్రి కనబడదన్నదీ నిజమే. అందుకే అమ్మవలసిన కోడిని చీకటిపడ్డాకే పట్టుకునేవారు. పగలు మాత్రం వాటి కన్ను మనకంటే ఎక్కువ చూస్తుంది. మనకు కనబడని అతినీల కాంతి కూడా వాటికి కనబడుతుంది.

ఈ జ్ఞానమంతా ఆడవాళ్ళది. భూమి పట్టా మగవాడి పేర ఉన్నా, గంప కింద ఉన్నది ఇల్లాలిదే. గుడ్లు అమ్మిన డబ్బు పిల్లల పలకకు, పండగ గాజులకు, చెప్పకుండా పుట్టింటికి వెళ్ళే బస్సు చార్జీకి. మనం పరాయి రాష్ట్రంలో ఎలా నిలదొక్కుకున్నామో రాసేటప్పుడు మగ్గాలు, పొలాలు, గనులు రాస్తాం. గంప కూడా రాయాలి.

కూసేది ఎవరు?

నా కోడి, నా కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత మనందరికీ తెలుసు. వెలుగు చూసి పుంజు కూస్తుందని అనుకుంటాం. 2013లో జపాన్ నగోయా విశ్వవిద్యాలయంలో పుంజులను తెల్లవారడం తెలియని మసకగదిలో పెట్టారు. అయినా అవి వేళకే కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. 2015లో వాళ్ళే ఇంకోటి చూశారు. మందలో ముందు కూసేది పెద్దరికం ఉన్న పుంజు. తక్కినవి తమ వరుస వచ్చేదాకా ఆగుతాయి. సంఘం సభల్లో ఎవరు ముందు మాట్లాడాలో అన్న తగువు మనకొక్కరికే లేదన్నమాట.

పెట్ట కూస్తే అరిష్టమన్నది మాత్రం నవ్వి వదిలేయదగ్గది కాదు. తమిళంలోనూ పెట్టకోడి కూసి తెల్లవారుతుందా అనే సామెత ఉంది. రెండు భాషల్లోనూ అది కోడికంటే ఎక్కువ ఆడదాని నోరు మూయించడానికే వాడారు. జరిగేది ఇది. పెట్టకు పనిచేసే అండాశయం ఒకటే, ఎడమవైపుది. జబ్బు వల్ల అది చెడిపోతే ఒంట్లో మార్పు వచ్చి కొన్ని పెట్టలకు పుంజు ఈకలు వస్తాయి, కొన్ని కూస్తాయి కూడా. 1474లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో గుడ్డు పెట్టిన 'పుంజు'ను న్యాయస్థానంలో విచారించి కాల్చేశారు. బహుశా అదీ ఇలాంటి పెట్టే. భయం ఏ దేశంలోనైనా ఒకటే. మన సంఘంలో ఆడపిల్ల మైకు పట్టుకున్నప్పుడు ఈ సామెత వినబడితే, ఈ పేరా చూపించండి.

దిష్టి కాదు, కొక్కెర

చివరిగా ప్రాణం మీదికొచ్చే నమ్మకం. ఎండాకాలంలో పెరట్లో ఒక కోడి ముడుచుకు కూర్చుంటుంది, తెల్లగానో పచ్చగానో పారుతుంది, మెడ తిరిగిపోతుంది. వారంలో గూడు ఖాళీ అవుతుంది. అమ్మవారికి కోపం వచ్చిందనో, పక్కింటావిడ చూపు తగిలిందనో అంటారు. తెలుగులో దాని పేరు కొక్కెర తెగులు, కన్నడంలో కొక్కరె రోగ, తమిళంలో వెళ్ళై కళిచ్చల్. వైద్యుల పుస్తకంలో రాణిఖేత్. ఈ పేరు హిమాలయాల ఊరిది. 1920ల చివర్లో మన దేశంలో అక్కడ గుర్తించారు కాబట్టి ఆ పేరు నిలిచింది. అదే కాలంలో ఇంగ్లండులో గుర్తించిన ఊరి పేరుతో లోకం దాన్ని న్యూకాసిల్ అంటుంది.

ఇది వైరస్. వచ్చాక మందు లేదు, ముందు టీకా ఉంది. పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, నెల దగ్గర మళ్ళీ ఒకసారి, రెండు నెలలప్పుడు ఆర్‌టూబీ సూది. వేళలు మీ ఊరి పశువైద్యశాలలో అడిగి ఖాయం చేసుకోండి. నాటుకోడికి రోగం రాదన్న నమ్మకంతో టీకా వేయించనివాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు. జబ్బు మొదలవగానే మిగిలిన కోళ్ళను గబగబా సంతకు తోలడం, చుట్టాలింటికి పంపడం చేస్తారు. అలా మనమే తెగులును ఊరూరా మోసుకెళ్తాం. చచ్చినవాటిని కాలువలో వేయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చండి.

ఇంతకూ నాటు అంటే?

మన దేశం నమోదు చేసిన కోడిజాతుల పట్టిక చూస్తే మన ఊళ్ళే కనబడతాయి. ఉత్తరాంధ్ర డంకి, శ్రీకాళహస్తి వైపు కాళహస్తి, ఒడిశాలో హన్స్లీ. ఘాగస్ అనే జాతికి ఆంధ్ర, కర్ణాటక రెండు రాష్ట్రాల పేర్లూ రాశారు. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం అటు వెళ్ళినప్పుడు, తర్వాత భాషారాష్ట్రాల గీతలు గీసినప్పుడు, మన పెద్దలు ఎటు చేరాలా అని మథనపడ్డారు. కోళ్ళు ఇంటి ముందే మేసుకున్నాయి.

తూర్పు అడవుల నుంచి వచ్చి, ఇక్కడి అడవికోడి పసుపు కాళ్ళకు తెచ్చుకుని, ఇక్కడి నూకలు తిని, ఇక్కడి ఎండకు ఆగి, ఇక్కడి ఇల్లాలి గంప కింద పిల్లలు తీసినదాన్ని నాటు అంటున్నాం. ఆ పిలుపు తప్పు కాదు. నాయక రాజుల కాలంలో మదురై, తంజావూరు చేరినవాళ్ళు, మగ్గాలు భుజాన వేసుకుని షోలాపూర్ చేరినవాళ్ళు, కోలారు గనుల్లో దిగినవాళ్ళు కూడా ఈ లెక్కన నాటే. మన తెలుగులో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ రంగు ఉందని చుట్టాలు నవ్వితే, పసుపు కాళ్ళ కోడి కథ చెప్పి పంపుదాం.

ఒక్క పని మాత్రం అడుగుతున్నాం. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మాటలు రాసుకోండి. కోడి రంగులకు మీ ఇంట్లో పేర్లేమిటి, పొదిగే పెట్టను ఏమంటారు, కోళ్ళను పిలవడానికి నోటితో ఏ శబ్దం చేస్తారు, ఏ తెగులుకు ఏ పేరు. ఊరి పేరు కూడా రాసి కింద పెట్టండి. హొసూరుదీ బరంపురందీ యానాందీ పక్కపక్కన పెట్టి చూద్దాం. అలాగే, ఎండలు ముదిరేలోపు కోళ్ళకు టీకా వేయించండి.